జెబకుమార్ పడిన చోటు

వెళ్ళైసామి మా వీధివాడు. ఆలంగుళం దాటి లోపలికి పోయే రోడ్డులో, సున్నపురాయి క్వారీలకు ఇవతల ఉంటుంది మా తిమ్మానాయకన్‌పట్టి. ఊళ్ళో సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడతాం. గడప దాటితే తమిళం. వెళ్ళైసామి మాత్రం గడప దాటినా సరే, తెలుగు వచ్చినవాడు కనిపిస్తే వదిలేవాడు కాదు. విరుదునగర్ మండీల్లో మిరపకాయలు, ధనియాలు ఎక్కించుకుని ఒరిస్సా దాకా, బెంగాల్ దాకా ఏళ్ళ తరబడి లారీ తోలిన మనిషి. దారిలో ఏదో దాబా దగ్గర తెలుగు మాట వినిపిస్తే పోయి పక్కన కూర్చునేవాడట. ఆంధ్రా డ్రైవర్లు అతని మాట విని, మా ముత్తాత ఇలాగే మాట్లాడేవాడని నవ్వేవాళ్ళట. నవ్వినా కూర్చునేవాణ్ణని చెప్పేవాడు.

నడుము పాడైపోయి దూరపు లారీలు మానేశాడు. ఇంటికి వచ్చేసరికి చెయ్యడానికి సేద్యం లేదు. వాళ్ళ నాన్నకు క్వారీ వైపు నల్లరేగడి ఉండేది. పత్తి, సజ్జ పండేవి. వానలు మొండికేసిన ఏళ్ళలో క్వారీవాళ్ళు వచ్చి అడిగితే ఆయన మొదట ఒక మూల అమ్మాడు. పక్కన పేలుళ్ళు మొదలయ్యాక మిగిలిన నేల మీద రాళ్ళు వచ్చి పడుతుంటే అది కూడా అమ్మేశాడు. వెళ్ళైసామి తిరిగొచ్చేనాటికి ఆ నేల ఒక గొయ్యి. ఆ గోతిలోనే టిప్పర్ డ్రైవరుగా చేరాడు. సొంత నేలలో రాయి సొంతంగా మోసుకుపోతున్నావా అని ఎవరైనా ఎగతాళి చేస్తే, తను కాకపోతే ఇంకొకడు మోస్తాడనేవాడు. ఆ మాటకు తనే నవ్వేవాడు కాదు.

క్వారీ బండి తోలడం ఎలా ఉంటుందో చెప్పాలి. నెలజీతం లేదు. ట్రిప్పుకు ఇంత. అందుకని అన్నం తినడానికి ఆగినా, ఒంటికి పోవడానికి ఆగినా తన నోటి దగ్గర కూడు పోయినట్టే. పర్మిట్‌లో రాసిన బరువు వేరు, బండికి ఎక్కించే బరువు వేరు. తొట్టి అంచుల మీద ఇనుప పలకలు అతికించి ఎత్తు పెంచుతారు. పైన రాళ్ళు గోపురంలా పోస్తారు. బ్రేకులు ఆ బరువుకు చేసినవి కావు. ఎక్కువైందని డ్రైవరు నోరు తెరిస్తే, రేపు ఆ సీట్లో వేరేవాడు ఉంటాడు. అధికారులు తనిఖీకి వచ్చే రోజున ముందే ఎవరో ఫోన్ చేసేవారు. ఆ ఒక్కరోజు బండ్లన్నీ సగం లోడుతో, పైన టార్పాలిన్ కట్టుకుని, పెళ్ళికి పోయేవాళ్ళలా నెమ్మదిగా పోయేవి. మర్నాడు మళ్ళీ మామూలే. ఊళ్ళో రోడ్డు ఎప్పుడో పోయింది. ఆడవాళ్ళు వాకిట్లో దుమ్ము అణగడానికి బిందెలతో నీళ్ళు చల్లేవారు. తాగడానికే నీళ్ళు తక్కువైన ఊళ్ళో అది కూడా ఒక పని అయింది.

అదే క్వారీలో జెబకుమార్ కూడా టిప్పర్ తోలేవాడు. మా ఊరికి తూర్పున చర్చి వీధి ఉంది. అక్కడివాళ్ళదీ తెలుగే. అతని నాన్న ఒకప్పుడు వెళ్ళైసామి నాన్న దగ్గర నాగలి పట్టినవాడు. కూలి తీసుకోవడానికి వచ్చినా అరుగు కింద నిలబడి "సామీ" అని పిలిచేవాడు. జెబకుమార్ మాత్రం క్వారీలో చేరిన మొదటి రోజే వెళ్ళైసామిని "అన్నా" అన్నాడు. వెళ్ళైసామి సరే అన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత ఇద్దరూ లోడు కోసం వరసలో ఆగినప్పుడల్లా ఒకరి బండిలో ఒకరు కూర్చుని మాట్లాడుకునేవారు. ఒకే క్యారియర్లో తినేవారు. క్వారీ గేటు దాటి ఊళ్ళోకి వస్తే మాత్రం ఎవరి వీధికి వాళ్ళు. జెబకుమార్ ఎప్పుడూ వెళ్ళైసామి ఇంట్లోకి రాలేదు. వెళ్ళైసామి ఎప్పుడూ రమ్మనలేదు. వాళ్ళ స్నేహం గురించి చెప్పేటప్పుడు ఇది దాచడం నాకు ఇష్టం లేదు.

జెబకుమార్ భార్య పేరు సెల్వరాణి. ఆమె పుట్టిల్లు కోవిల్‌పట్టి. పొద్దున్నే ఊళ్ళోకి వచ్చే వ్యాను ఎక్కి సాత్తూరు వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం వచ్చేది. వాళ్ళకొక చిన్న పాప.

అది అయిప్పసి నెల, అంటే దీపావళి రోజులు. వరసగా వానలు. క్వారీ అడుగు నుంచి పైకి లారీలు ఎక్కే వాలుదారిని ర్యాంపు అంటారు. రాళ్ళపొడి, నల్లమట్టి కలిపి తొక్కించిన దారి. వాన పడితే ఆ దారి సబ్బులా ఉంటుంది. జెబకుమార్ బండికి హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు. వాలులో ఆగితే బండి వెనక్కి జారేది. మేనేజరు బాలచందర్‌కు ఆ సంగతి చెప్పాడు. బాలచందర్ అరుప్పుకోట్టైలో నేతపనివాళ్ళ ఇంటి కుర్రాడు. డిప్లొమా చదివాడు. గొంతు పెంచి ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. ఆదివారం వర్క్‌షాపుకు పంపిద్దామన్నాడు. ఆదివారం వచ్చింది. అయితే ఆ వారం వెళ్ళైసామి బండికి కూడా క్లచ్ పని ఉంది. వయసులో పెద్దవాడని అతని బండిని ముందు పంపారు. జెబకుమార్‌ది వచ్చే వారానికి పోయింది.

ప్రమాదం మధ్యాహ్నం భోజనాల తర్వాత జరిగింది. వెళ్ళైసామి కింద లోడు కోసం ఆగి ఉన్నాడు. జెబకుమార్ నిండు లోడుతో ర్యాంపు ఎక్కుతున్నాడు. ముందుపోయే బండి ఒకటి పైన గేటు దగ్గర ఆగింది. దాని వెనక ఇతనూ ఆగాల్సి వచ్చింది. ఆగిన బండి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి కదిలింది. టైర్లు తిరగడం లేదు, జారుతున్నాయి. జెబకుమార్ ఇంజన్ అరిపించి ముందుకు లాగడానికి చూశాడు. బండి అడ్డం తిరిగి కిందిదాకా జారుకుంటూ వచ్చి, రాతి గోడకు క్యాబిన్ వైపు నుంచి గుద్దుకుని ఒరిగిపోయింది.

పొక్లెయిన్ మిషను తోలే మనిషి దాని ఇనుప చేతితో క్యాబిన్ తలుపు పెరికాడు. అందరూ కలిసి జెబకుమార్‌ను బయటికి లాగారు. బతికే ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. పైకి పెద్ద రక్తం కనిపించలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి చిన్నచిన్నగా తీస్తున్నాడు. వెళ్ళైసామి 108కి ఫోన్ చెయ్యబోతే బాలచందర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. అంబులెన్సు ఈ బురదలో కిందికి రాలేదని, వచ్చినా కూరుకుపోతుందని, మనమే మెయిన్ రోడ్డు దాకా తీసుకుపోతే అక్కడ ఎక్కించుకుంటారని, తాను ఫోన్ చేస్తున్నానని చెప్పాడు. మాట సబబుగానే తోచింది. వెళ్ళైసామి తన ఖాళీ టిప్పర్ క్యాబిన్లో జెబకుమార్‌ను పడుకోబెట్టాడు. రాళ్ళు ఎత్తే కూలీ ఒకడు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. గుంటలు తప్పించుకుంటూ, ప్రతి కుదుపుకూ జెబకుమార్ మూలుగు వింటూ, మెయిన్ రోడ్డు మీద కల్వర్టు మలుపు దాకా తోలుకొచ్చాడు. బాలచందర్ మోటార్ సైకిలు మీద వెనకే వచ్చాడు.

అక్కడ ఆగారు. అంబులెన్సు రాలేదు.

వెళ్ళైసామి అడిగాడు. వస్తోందన్నాడు బాలచందర్. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకాసేపు ఆగి, నేనే ఆలంగుళం ఆస్పత్రికి తీసుకుపోతానంటే, ఇప్పుడు కదిపితే వెన్నెముక పోతుందని అడ్డం పడ్డాడు. అదీ సబబుగానే తోచింది. వెళ్ళైసామి క్యాబిన్లోకి ఎక్కి జెబకుమార్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

"అన్నా, బండి ఏమాయె?" అన్నాడు జెబకుమార్.

"బండి ఏమైతే ఏమిరా. నువ్వు మాట్లాడొద్దు."

జెబకుమార్ నీళ్ళు అడిగాడు. బాటిల్ మూతతో తడిపారు. తర్వాత మళ్ళీ కళ్ళు తెరిచి అన్నాడు:

"సెల్వరాణికి ఇబ్బుడే చెప్పొద్దన్నా. పనితావులో ఉంటాది. బయపడతాది. ఇంటికి రానీ, అబ్బుడు చెప్పు."

అవే అతని చివరి మాటలు అవుతాయని వెళ్ళైసామి అప్పుడు అనుకోలేదు. సరేరా అన్నాడు.

అప్పుడు క్వారీ రోడ్డు నుంచి చప్పుడు వినిపించింది. వెళ్ళైసామి అద్దంలోంచి చూశాడు. పొక్లెయిన్, ఇంకొక టిప్పర్ కలిసి, జెబకుమార్ బండిని గొలుసులతో ఈడ్చుకొస్తున్నాయి. ముందు చక్రం ఒకటి వంకరగా రోడ్డును గీసుకుంటూ వస్తోంది. వచ్చి, కల్వర్టు పక్కన బండిని పల్లంలోకి ఒరగదోశారు. తొట్టిలో మిగిలిన రాళ్ళు గడ్డి మీద చల్లుకున్నాయి. పొక్లెయిన్ వెనక్కి తిరిగిపోయింది. బాలచందర్ చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. ఫోన్ తీసి, కల్వర్టు మలుపులో లారీ పల్టీ కొట్టింది, డ్రైవరుకు దెబ్బలు తగిలాయి, త్వరగా రండి అని చెప్పాడు. అది 108కి చేసిన మొదటి ఫోను. అప్పటిదాకా మాట్లాడిందంతా ముదలాళితో, అంటే క్వారీ యజమానితో.

ఆ తర్వాత అంబులెన్సు తొందరగానే వచ్చింది. శివకాశిలో చూసి విరుదునగర్ తీసుకుపొమ్మన్నారు. వెళ్ళైసామి అతని పక్కనే కూర్చున్నాడు. విరుదునగర్ చేరకముందే జెబకుమార్ ప్రాణం పోయింది. ఆస్పత్రిలో డాక్టరు చూసి, లోపల రక్తం కారిందని, ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే ఏమో అని, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

మర్నాడు వెళ్ళైసామిని స్టేషన్‌కు పిలిచారు. అతను పోయేసరికి కాగితం రాసి ఉంది. బాలచందర్ కూడా అక్కడే ఉన్నాడు. కల్వర్టు మలుపులో వేగంగా వచ్చి డ్రైవరు అదుపు తప్పాడని, వెనక వస్తున్న తాను చూశానని, తమిళంలో వెళ్ళైసామి మాటలుగా రాసి ఉంది. వేగమా అని అడిగాడు వెళ్ళైసామి. బాలచందర్ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు. క్వారీలో జరిగిందని రాస్తే క్వారీ మూసేస్తారని, మూస్తే ఊరికి ఊరే పస్తులుంటుందని, పోయినవాడు తిరిగి రాడని, వాళ్ళ కుటుంబాన్ని ముదలాళి చూసుకుంటానని మాట ఇచ్చాడని, రోడ్డు ప్రమాదమైతే ఇన్సూరెన్సు కూడా వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. చెప్పేటప్పుడు బాలచందర్ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయని వెళ్ళైసామి నాతో అన్నాడు. లోపలికి వచ్చి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం చర్చి వెనక శ్మశానంలో జెబకుమార్‌ను పూడ్చారు. మా వీధి నుంచి పోయినవాళ్ళు తక్కువ. పోయినవాళ్ళు కూడా గేటు దగ్గరే నిలబడ్డారు. వెళ్ళైసామి లోపలికి పోయాడు. సెల్వరాణి ఏడవడం అయిపోయి కూర్చుని ఉంది. ఇతన్ని చూసి లేచి వచ్చింది.

"మీరు పక్కనే ఉంటిరంటనే. ఏమన్నా చెప్పినాడా?"

"ఏమీ చెప్పలేదమ్మా," అన్నాడు వెళ్ళైసామి. "తెలివి లేకుండా ఉండె."

ఆ మాట ఎందుకు అన్నానో తనకే తెలియదని తర్వాత అనేవాడు. తెలివి ఉందంటే ఎంతసేపు ఉందని అడుగుతుంది. ఎక్కడ ఉన్నారని అడుగుతుంది. ఒకటి చెబితే అన్నీ చెప్పాలి. అందుకని ఆ రెండు మాటలు కూడా ఆమెకు ఇవ్వలేదు.

చావు ఖర్చులకని ముదలాళి కొంత పంపాడు. దాంతో సరి. ఇన్సూరెన్సు వాళ్ళు, తప్పు డ్రైవరుదే అని కాగితాల్లో ఉంది కాబట్టి ఇవ్వడానికి వీల్లేదన్నారు. క్వారీ ఆఫీసుకు పోతే అతని పేరు మా పనివాళ్ళలో లేదన్నారు. ట్రిప్పుకు తోలేవాళ్ళ పేరు ఎవరిదీ ఎక్కడా ఉండదు. సెల్వరాణి కొన్నాళ్ళు తిరిగి, పాపను తీసుకుని కోవిల్‌పట్టిలో అమ్మగారింటికి పోయింది.

వెళ్ళైసామి అదే రోడ్డులో బండి తోలుతూనే ఉన్నాడు. కల్వర్టు దగ్గర రాళ్ళు ఎవరూ ఎత్తలేదు. అక్కడికి వచ్చేసరికి తనకు తెలియకుండానే గేరు తగ్గించేవాడట. ఇంట్లో మాట తగ్గిపోయింది. అతని భార్య తంగమ్మాళ్ మొదట నడుమునొప్పి అనుకుంది. తర్వాత తాగుడు మొదలైందేమో అని ఒళ్ళు వాసన చూసింది. ఏమీ లేదు. తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

పొంగల్ పోయాక జెబకుమార్ బండి రిపేరై క్వారీకి తిరిగి వచ్చింది. కొత్త క్యాబిన్, కొత్త రంగు. రాజపాళయం వైపు నుంచి ఒక కొత్త డ్రైవరు వచ్చాడు. వాడు మొదటి రోజు లోడుతో ర్యాంపు దగ్గరికి వచ్చి, వెళ్ళైసామిని పిలిచి, ఈ హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదే, ఎవరికి చెప్పాలి అని అడిగాడు. వెళ్ళైసామి వాణ్ణి బండి దిగమన్నాడు. చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. తన బండి తాళం, ఆ బండి తాళం రెండూ తీసుకుపోయి బాలచందర్ బల్ల మీద పెట్టి, గేటు దాటి నడిచి వచ్చేశాడు.

మర్నాడు కోవిల్‌పట్టి పోయాడు. సాత్తూరులో బస్సు మారి, స్టేషన్ వెనక వీధులు వెతుక్కుంటూ ఇల్లు కనుక్కున్నాడు. సెల్వరాణి అక్కడే ఇంకో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. ఆ రోజు ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం వండుతోంది. లోపలికి రమ్మంది. వెళ్ళైసామి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాడు. ఆమె తల్లి పాపను ఎత్తుకుని పక్కింటికి పోయింది.

మొత్తం చెప్పాడు. ర్యాంపు, బ్రేకు, వర్క్‌షాపుకు తన బండి ముందు పోవడం, కల్వర్టు దగ్గర ఆగడం, గొలుసులతో బండిని ఈడ్చుకురావడం. సెల్వరాణి పొయ్యి ఆపేసి వింది. మధ్యలో ఒక్కసారే అడిగింది.

"ఎంతసేపు ఆడ పెట్టినారు?"

"బండి ఈడ్చుకొచ్చేదాకా."

"తెలివిలో ఉండెనా?"

"ఉండె. నీకు ఇబ్బుడే చెప్పొద్దనె. పనితావులో బయపడతావని. ఇంటికి వొచ్చినాక చెప్పమనె."

సెల్వరాణి అన్నం గిన్నె మీద మూత సరిగా లేకపోతే సర్దింది. తర్వాత అతనివైపు తిరిగింది. అంతవరకూ "మీరు" అన్న మనిషి "నువ్వు" అంది.

"నేను ఆ పొద్దు అడిగితిని నిన్ను."

"అవును."

"మట్టి వేసేముందు అడిగితిని. ఏమీ చెప్పలేదంటివి."

"అంటిని."

"ఇబ్బుడు నాకు చెప్పి నువ్వు నిద్దర పోవాలనా? నాకొద్దు. సంతకం పెట్టిన తావులో పోయి చెప్పు."

చెబుతానన్నాడు. ఆమె నమ్మినట్టు లేదు. అన్నం తినమనలేదు, పొమ్మని కూడా అనలేదు. కాసేపు కూర్చుని లేచి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి తంగమ్మాళ్‌కు చెబితే ఆమె ఒప్పుకోలేదు. ఆమె తమ్ముడు అదే క్వారీలో పేలుడు మందు పెట్టే పనిలో ఉన్నాడు. చెల్లెలి కొడుకు అక్కడే లోడింగులో ఉన్నాడు. ఊళ్ళో ఏ ఇల్లు తీసుకున్నా ఎవరో ఒకరు ఆ గోతిలో ఉన్నవాళ్ళే.

"పోయినవాడు పోయె. ఉండేవాళ్ళ నోట్లో మన్ను కొడతావా?" అంది.

"వాడు పోయెనని చెప్తా ఉండావు. మేము పొమ్మంటిమి తంగం. ఆ మలుపులో కూర్చోబెట్టి పొమ్మంటిమి."

అంతకుమించి వాళ్ళ మధ్య మాటలు జరగలేదు. అతను విరుదునగర్ పోయాడు. సెల్వరాణి తరఫున చర్చివాళ్ళు ఒక లాయరును పెట్టి ఉన్నారు. ఆయన దగ్గర మొత్తం చెప్పి రాయించాడు. కలెక్టరాఫీసులో ఇచ్చారు, కార్మికశాఖలో ఇచ్చారు. ముందు అతని మీదే కేసు పెట్టారు. తప్పుడు వాంగ్మూలం ఇచ్చి సాక్ష్యం మార్చాడని. స్టేషన్‌లో బెంచీ మీద పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టేవారు. మళ్ళీ రేపు రమ్మనేవారు. గనుల శాఖవాళ్ళు వచ్చి ర్యాంపు కొలిచారు. రాతి గోడ మీద జెబకుమార్ బండి రాసుకున్న పసుపు పెయింటు గీత అలాగే ఉంది. క్వారీకి సీలు వేశారు.

ఆ మర్నాటి నుంచి మా ఊళ్ళో వెళ్ళైసామితో మాట్లాడేవాళ్ళు లేరు. టీ అంగడిలో గ్లాసు ఇవ్వలేదు. అతని ఇంటి కుళాయి పైపు ఎవరో కోసేశారు. తంగమ్మాళ్ తమ్ముడు వాకిట్లోకి వచ్చి, అక్క ముఖం చూసి ఊరుకుంటున్నానని చెప్పి పోయాడు. నేను కూడా ఆ రోజుల్లో అతని ఇంటికి పోలేదు. మా ఇంట్లో కూడా క్వారీ కూలి తినేవాళ్ళున్నారు. చర్చి వీధివాళ్ళు కూడా అతన్ని నెత్తిన పెట్టుకోలేదు. వాళ్ళకు అతను సంతకం పెట్టినవాడు.

ముదలాళి తనకేమీ తెలియదన్నాడు. అంతా మేనేజరు సొంతంగా చేశాడని రాసిచ్చాడు. బాలచందర్‌ను అరెస్టు చేశారు. అతను జైలు నుంచి బెయిల్ మీద వచ్చాక అరుప్పుకోట్టైలో అన్న దగ్గర పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడని విన్నాం. ముదలాళి పేరు ఏ పోలీసు కేసులోనూ నిలబడలేదు. వానలు వచ్చేలోపు అదే క్వారీ ఇంకొకరి పేరుతో తెరిచారు. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ పనికి పోయారు. వెళ్ళైసామికి మాత్రం ఏ క్వారీలోనూ, ఏ మండీలోనూ స్టీరింగు దొరకలేదు. విరుదునగర్‌లో అతనికి పాత స్నేహితులైన లారీ ఓనర్లు టీ ఇప్పించి, ఈ గొడవలు తగ్గనీ చూద్దాం అనేవారు.

నష్టపరిహారం కేసు విరుదునగర్‌లో నడిచింది. మొదటి వాయిదాకు వెళ్ళైసామి ఒక్కడే పోయాడు. రెండోసారి బయల్దేరుతుంటే తంగమ్మాళ్ చీర మార్చుకుని వచ్చి బస్సు స్టాపులో పక్కన నిలబడింది. ఆమె నాతో చెప్పిన కారణం ఇది: మొదటి వాయిదాకు పోయి వచ్చిన రోజు అతను అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, ఎత్తలేక, అలాగే చెయ్యి కడుక్కున్నాడట. ఎవరు చేసిన తప్పైనా మనిషి ఇలా అయిపోతుంటే చూడలేకపోయానంది.

ఆ రోజు అవతలి లాయరు అతన్ని చాలాసేపు నిలబెట్టాడు. పోలీసులకు ఒకటి చెప్పావు, ఇక్కడ ఒకటి చెబుతున్నావు, ఏది అబద్ధం అని అడిగాడు. అక్కడ చెప్పిందే అబద్ధం, చెప్పినవాణ్ణి నేనే అన్నాడు వెళ్ళైసామి. ఎవరు డబ్బిచ్చారు ఇప్పుడు ఇలా చెప్పడానికి అని అడిగాడు లాయరు. కేసు వింటున్న కార్మికశాఖ అధికారి తల ఎత్తి చూసి, కూర్చోమన్నాడు. బయట వరండాలో సెల్వరాణి, తంగమ్మాళ్ ఒకే బెంచీకి రెండు చివర్లలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ మధ్య ఇన్నేళ్ళూ ఒక వీధి దూరమే. మాట్లాడుకోవడం మాత్రం అదే మొదటిసారి. పాప ఎవరి దగ్గర ఉందని తంగమ్మాళ్ అడిగింది. అమ్మ దగ్గర అని సెల్వరాణి చెప్పింది. అంతే.

చివరికి, జెబకుమార్ క్వారీ పనిలో ఉండగానే చనిపోయాడని, పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ముదలాళి మదురై హైకోర్టుకు పోయాడు. అక్కడ ఇంకా నడుస్తోంది. పోలీసు కాగితాల్లో ప్రమాదం ఇప్పటికీ కల్వర్టు మలుపులోనే ఉంది. ఆ కాగితం మార్చడానికి వేరే కేసు వెయ్యాలని లాయరు చెప్పాడు.

వెళ్ళైసామి ఇప్పుడు కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల గోడౌనులో కట్టలు లారీలకు ఎక్కించే పనిలో ఉన్నాడు. నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని మోస్తాడు. ఉత్తరదేశం పోయే డ్రైవర్లు అతని పాత సంగతి తెలిసి, ఒకసారి స్టీరింగు పట్టు అన్నా అని పిలుస్తారు. పోడు. వారానికి ఒకసారి ఊరికి వస్తాడు. తంగమ్మాళ్‌తో మళ్ళీ మాటలు కలిశాయి. మా అరుగు మీద కూడా వచ్చి కూర్చుంటాడు, ఇదంతా అలా చెప్పిందే. ఊళ్ళో కొందరు పలకరిస్తారు, కొందరు లేచి పోతారు.

సెల్వరాణి ఉండే వీధి గోడౌనుకు పెద్ద దూరం కాదు. ఎదురుపడితే ఆమె తల దించుకుని పోతుంది. మదురైలో వాయిదా పడినప్పుడు మాత్రం ఫోన్ చేస్తుంది. తేదీ చెప్పి పెట్టేస్తుంది. అతను మేస్త్రీకి చెప్పి ఆ రోజు పని మానుకుని, పొద్దున్నే మదురై బస్సెక్కుతాడు.